చూడలేదు, వినలేదు, అనుమానించలేదు

బౌద్ధ భిక్షువు మాంసం తినవచ్చునా అన్న ప్రశ్నకు పాలి వినయపిటకమూ, మజ్ఝిమ నికాయంలోని జీవక సుత్తమూ చెప్పిన సమాధానం మూడు షరతుల మీద నిలిచింది. జంతువును తన కోసం చంపుతుండగా భిక్షువు చూసి ఉండకూడదు, తన కోసం చంపారని విని ఉండకూడదు, చంపి ఉంటారేమో అన్న అనుమానానికైనా తావు ఉండకూడదు. ఈ మూడు వైపులా దోషం లేని మాంసాన్నే త్రికోటిశుద్ధం అన్నారు. సంఘంలో మాంసాన్ని పూర్తిగా నిషేధించాలని దేవదత్తుడు పట్టుబట్టినప్పుడు బుద్ధుడు అంగీకరించలేదని వినయపిటకమే చెబుతుంది. ఆ నిరాకరణకు కారణం భిక్షువు జీవన విధానంలోనే ఉంది: అతడు ఇది వండండని చెప్పేవాడు కాడు, డబ్బు పెట్టి కొనేవాడు అసలే కాడు, గడప ముందు మౌనంగా నిలబడి పాత్రలో పడినదాన్ని స్వీకరించేవాడు, కనుక అతనికి తెలియకపోవడమంటే నిజంగా ఆ చావుతో సంబంధం లేకపోవడమే. కోనసీమలో వైనతేయ పాయకు చేరువనున్న ఆదుర్రులో బౌద్ధ స్తూప శిథిలాలు బయటపడ్డాయి గనుక, ఈ నియమాన్ని పాటించిన భిక్షువులు ఒకప్పుడు ఈ నేల మీద కూడా భిక్షకు తిరిగి ఉంటారని అనుకోవడం అతిశయోక్తి కాదు.

అదే నియమాన్ని నేటి రావులపాలేనికి అన్వయించి చూస్తే విచిత్రమైన ఫలితం వస్తుంది. గౌతమి, వశిష్ఠ పాయల నడుమ, జాతీయ రహదారి కోనసీమను తాకే చోట ఉన్న ఈ పట్టణం అరటి మార్కెట్టుకు పేరుపొందింది. లారీల రాకపోకలతో పెరిగిన ప్రతి కూడలి ఊరిలాగానే ఇక్కడా అట్టలకొద్దీ కోడిగుడ్లు, తూకం వేసి ఇచ్చే బాయిలర్ కోడి మాంసం, ప్యాకెట్ల పాలు నిమిషాల్లో చేతికి వస్తాయి. కొనేవాడు ఆ కోడి పెరిగిన షెడ్డును చూడలేదు, దాని గురించి వినలేదు, అనుమానించేంత తీరిక అతనికి లేదు. అక్షరార్థంలో అతని సంచిలోనిదంతా త్రికోటిశుద్ధమే. కానీ అతడు భిక్షువు కాడు. అతడు ఇచ్చే డబ్బే రేపటి కోడికి ముందుగా పెట్టిన ఆర్డరు. దాన్ని అందుకునే దుకాణదారు, టోకు వ్యాపారి, ఫారం యజమాని వరుసగా ఆ ఆర్డరును వెనక్కి చేరవేసేవారు మాత్రమే. ఈ లోపాన్ని మహాయాన గ్రంథమైన లంకావతార సూత్రం ఎప్పుడో గుర్తించి, తినేవాడు లేకపోతే చంపేవాడు ఉండడన్న తర్కంతో త్రికోటిశుద్ధి మినహాయింపునే తోసిపుచ్చింది. మహాభారతం ఆనుశాసనిక పర్వంలో భీష్ముడు చేసిన విభజన కూడా ఇదే దారిలో నడుస్తుంది: ధనంతో కొనేవాడు, రుచితో తినేవాడు, కట్టి కోసేవాడు, ముగ్గురూ హంతకులే. మనుస్మృతి ఆ వరుసను ఇంకా పొడిగించి అనుమతించినవాణ్ణీ, వండినవాణ్ణీ, వడ్డించినవాణ్ణీ కూడా అందులో చేర్చింది. ఇలా చూస్తే ప్రాచీన ధర్మశాస్త్రాలు నేటి సరఫరా గొలుసును గురించి ఏమీ చెప్పలేదనడం సరికాదు. ఆ గొలుసులోని ప్రతి కొక్కేన్నీ అవి పేరుపెట్టి పిలిచాయి.

దగ్గరలో, పద్ధతిగా పెంచిన పశుపక్ష్యాదుల నుంచి మాంసం, పాలు, గుడ్లు తెచ్చుకోవాలనే ఆధునికమైన కోరికను ఈ నేపథ్యంలో పరిశీలించాలి. ఆ కోరికను సుస్థిర పెంపకం అనే మాటతో ముడిపెడతారు. నేల, నీరు, జంతువు, దాన్ని పెంచే మనిషి, ఈ నాలుగింటిలో ఏదీ అరిగిపోకుండా ఏటికేడు సాగగలిగే పెంపకం అని దాని అర్థం. దగ్గర కొంటే పాపం తగ్గుతుందన్న నమ్మకం దాని వెంట తెలియకుండానే వచ్చి కూర్చుంటుంది. ఆ నమ్మకానికి ఆధారం బలహీనం. దగ్గరి నుంచి కొనడం తగ్గించేది పాపాన్ని కాదు, తెలియకపోవడాన్ని. తెలియకపోవడమనే రక్షణ తొలగిన తరువాత కొనేవాడి బాధ్యత పెరుగుతుందే తప్ప తరగదు.

పైగా దగ్గరితనం దానికదే గుణం కాదని గోదావరి జిల్లాల గుడ్డు రుజువు చేస్తుంది. రావులపాలెం నుంచి గౌతమి దాటితే మండపేట, అనపర్తి. వశిష్ఠ దాటితే పెరవలి, తణుకు: తెలుగునాట గుడ్ల ఉత్పత్తికి కేంద్రాలైన ప్రాంతాలివి. ఇక్కడి గుడ్లు స్థానికుల కంచాల్లోకే కాక రైళ్లలో, లారీల్లో బెంగాల్‌కూ ఈశాన్య రాష్ట్రాలకూ వెళ్తాయి. 1982లో బి.వి.రావు చొరవతో ఏర్పడిన జాతీయ గుడ్ల సమన్వయ సంఘం రోజువారీ ప్రకటించే ధరల పట్టికలో తూర్పు, పశ్చిమ గోదావరులకు తమ సొంత వరుసలున్నాయి. కనుక కిలోమీటర్లలో లెక్కిస్తే రావులపాలెం వాసికి ఫారం గుడ్డుకు మించిన స్థానిక ఆహారం లేదు. అయితే ఆ గుడ్డు పెట్టే కోడి తీగ పంజరంలో సుమారు 450 చదరపు సెంటీమీటర్ల చోటులో, రెక్క చాచే వీలు లేకుండా, నేలను కాలితో గీరే అవకాశం ఒక్కసారైనా రాకుండా బతుకుతుంది. భారత లా కమిషన్ 2017లో ఇచ్చిన 269వ నివేదిక ఈ పంజరాల ప్రశ్ననే చర్చించింది. ఆ కోడి మేతలోని సోయా పిండికి మూలం ఎక్కువగా మధ్యప్రదేశ్, మహారాష్ట్ర పొలాలు. గుడ్ల జాతి కోళ్లలో మగపిల్ల గుడ్డు పెట్టదు, మాంసానికి త్వరగా ఎదగదు, అందుకే హేచరీలో పుట్టిన రోజే దాని కథ ముగుస్తుంది. ఈ పద్ధతిని జర్మనీ 2022 జనవరి నుంచి చట్టంతో ఆపింది. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులోనూ, పెరవలి మండలం కానూరు వద్దా బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయినప్పుడు, వేల పక్షులను ఒక్కచోట కిక్కిరిసి ఉంచడం ఎంత పెళుసైన ఏర్పాటో చుట్టుపక్కల ఊళ్లకు అర్థమైంది. ఆ వారాల్లో కోడిమాంసం దుకాణాలకు జనం దూరమైంది తమ ఆరోగ్యం మీది భయంతోనే అయినా, చూడడం, వినడం, అనుమానించడం అన్న మూడూ ఒక్కసారిగా తిరిగివచ్చిన అరుదైన సందర్భమది.

దూరాన్ని కాకుండా మేతను కొలబద్దగా తీసుకుంటే డెల్టాలో సుస్థిరత అనే మాటకు స్పష్టమైన రూపం కనబడుతుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారినప్పటి నుంచి ఈ నేల ప్రధానంగా వరిది, తరువాత కొబ్బరిది, అరటిది. పశువుకు విడిగా బీడు మిగల్లేదు. అయినా పశువు మిగిలింది, ఎందుకంటే మనిషి తినని భాగాన్ని అది తిన్నది. వరిగడ్డి, తవుడు, కొబ్బరిచెక్క, గెల కోసిన తరువాత నరికిన అరటిబోదె, గట్ల మీది పచ్చిక, లంకల్లోని గడ్డి దాని ఆహారం. సార్వా వరి కోతకు ముందే మడిలో చల్లిన పిల్లిపెసర, జనుము వరిమోళ్ల మధ్య లేచి వేసవికి పచ్చిమేత అయ్యేవి, అవి పప్పుజాతి మొక్కలు గనుక నేలకు నత్రజనిని కూడా ఇచ్చేవి. ఈ ఏర్పాటులో పశువు మనిషి అన్నానికి పోటీ కాదు, ఆ అన్నం మిగిల్చినదాన్ని పాలుగా, పేడగా, దుక్కి బలంగా మార్చేది. సార్వా వెంట రెండో పంటగా దాళ్వా వేసేచోట పిల్లిపెసరకు సమయం చాలదు. వరికోత యంత్రం నడిచిన మడిలో గడ్డి నలిగి చెదిరిపోయి, వాము వేయడానికి పనికివచ్చేది తగ్గుతుంది. రైతును ఇందుకు తప్పుపట్టలేం. రెండో పంట ఇచ్చే రాబడినీ, దొరకని కూలీలనూ పక్కన పెట్టి ఆవు కోసం పిల్లిపెసర చల్లమని చెప్పే అధికారం పాలు మాత్రమే కొనేవాడికి లేదు. 2016 నుంచి రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ నడుపుతున్న ప్రకృతి వ్యవసాయం పేడకూ మూత్రానికీ మళ్లీ విలువ కట్టడం వల్ల, పాలివ్వని ఆవుకు కూడా పొలంలో ఒక పని దొరికింది. ఆ పథకం గురించి చేసే వాదాలన్నింటిలోకీ ధర్మదృష్టికి ముఖ్యమైనది ఇదేనేమో.

ఇదే మేత లెక్క పెరటి కోడికీ వర్తిస్తుంది. నూకలు, కళ్లంలో రాలిన గింజ, పేడకుప్పలోని పురుగు, వంటింటి నుంచి విసిరిన మెతుకు దాని ఆహారం. పొదుగుకు వచ్చిన పెట్టను గంప కింద గడ్డి పరచి గుడ్ల మీద కూర్చోబెడితే ఇరవయ్యొక్క రోజుల తరువాత పిల్లలను వెంటేసుకుని బయటికి వస్తుంది. గద్ద ఎత్తుకుపోయినవి పోగా మిగిలినవాటిలో పుంజులు మాంసానికి, పెట్టలు మళ్లీ గుడ్లకు. ఇక్కడ మగపిల్ల వ్యర్థం కాదన్నది గమనించదగిన విషయం. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం రూపొందించిన వనరాజా, గ్రామప్రియ రకాలు నాటుకోడి కన్నా ఎక్కువ గుడ్లు పెడతాయి గానీ వాటిలో పొదిగే స్వభావం తక్కువ, కాబట్టి పిల్లల కోసం మళ్లీ హేచరీ మీదే ఆధారపడాలి. ఎక్కువ గుడ్డు, పూర్తి స్వయంసమృద్ధి అనే రెండూ ఒకే పెట్టలో దొరకడం కష్టం.

ప్రేమగా పెంచడమే ధర్మమనుకునేవారికి ఈ ప్రాంతంలోనే గట్టి అభ్యంతరం ఒకటి ఎదురవుతుంది. కోనసీమలో అన్నింటికన్నా శ్రద్ధగా, అన్నింటికన్నా స్థానికంగా, ఒక్కొక్కదాన్ని పేరుపెట్టి పిలిచేంత మమకారంతో పెరిగే ప్రాణి పందెం పుంజు. దానికి బాదం పప్పు, ఉడికించిన గుడ్డు, మాంసం కైమా పెడతారు, నీటిలో ఈదిస్తారు, ఒళ్లు కాపుతారు. ఆ పోషణంతా సంక్రాంతి బరిలో కాలికి కట్టే కత్తి కోసం. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం, 1974 నాటి రాష్ట్ర జూద చట్టం రెండూ దీన్ని తప్పే అంటాయి, పండుగ మూడు రోజులూ రెండింటినీ జనం మరిచిపోతారు. బతికినంత కాలం సుఖంగా బతకడం ముఖ్యమే, కానీ ఆ సుఖాన్ని ఎందుకు సమకూర్చారన్నది అంతకన్నా తక్కువ ముఖ్యమేమీ కాదు.

మాంసం విషయానికి వస్తే, కోనసీమ పల్లెల్లో వేట మాంసం తినాలనుకున్న నాలుగైదు ఇళ్లవారు కలిసి మేకపోతును కొని, కోయించి, వాటాలు వేసుకోవడం పాత అలవాటు. తల, కాళ్లు, పేగులు, రక్తం సహా ఏదీ పారేయకుండా ఎవరి పోగు వారు తీసుకుంటారు. ఆ మేక ఎవరిదో, ఎక్కడ మేసిందో, జబ్బుపడిందో లేదో వాటాదారులకు తెలుసు. త్రికోటిశుద్ధి ప్రకారం ఇది మూడు విధాలా అశుద్ధం: చూశారు, విన్నారు, తమ కోసమే చంపించారు. అయినా దుకాణంలో తెల్లవారుజామున వేలాడే తెలియని మాంసం కన్నా ఇది నైతికంగా నిజాయతీ కలదని వాదించడానికి బలమైన కారణముంది. ఇక్కడ భీష్ముడు చెప్పిన ముగ్గురు హంతకులూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ఒకే చెట్టు నీడన నిలబడతారు. ఇస్లాం ఈ ముఖాముఖిని నియమంగానే మార్చింది. కత్తి పదునుగా ఉండాలి, దాన్ని జంతువు ఎదుట నూరకూడదు, ప్రాణం తీసేటప్పుడు కూడా మేలైన పద్ధతి పాటించాలి అన్న ప్రవక్త బోధ హలాల్ విధానానికి వెన్నెముక. ఖురాను ఆహారాన్ని హలాల్, అంటే అనుమతించినది, అన్న మాటతో ఆపక తయ్యిబ్, అంటే మంచిది, పరిశుభ్రమైనది, అన్న మాటను కూడా జతచేసింది. పంజరంలో పెరిగిన కోడి మొదటిది కావచ్చు, రెండోది అవునా అని నేడు ముస్లిం ఆలోచనాపరులు అడుగుతున్నారు. క్రైస్తవంలో పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఇంకో ధోరణి ఉంది. కటికవాని అంగడిలో అమ్మినదాన్ని మనస్సాక్షి నిమిత్తం ఏమీ విచారించకుండా తినవచ్చునని ఆయన అనుమతిస్తాడు, కానీ అది విగ్రహానికి అర్పించినదని ఎవరైనా చెబితే ఆ చెప్పినవాని కోసమైనా తినవద్దంటాడు. 1836లో వచ్చి నరసాపురంలో పనిచేసిన బౌడెన్, బీర్ వంటి మిషనరీలతో మొదలైన గోదావరి డెల్టా మిషన్ ద్వారా ఈ పాయల వెంట ఎన్నో కుటుంబాలకు ఆ పత్రిక అందింది. పౌలు వాక్యానికి సందర్భం విగ్రహార్పితం, పెంపకం కాదు. అయినా దాని నిర్మాణం త్రికోటిశుద్ధికి ఎంత దగ్గరో ఆశ్చర్యం కలిగిస్తుంది. రెండుచోట్లా తెలియనంతసేపు స్వేచ్ఛ, తెలిసిన క్షణం నుంచి బాధ్యత.

వైదిక సంప్రదాయంలో పశుయాగం ఉందన్నదీ, మధ్వులు దాని స్థానంలో పిండితో చేసిన పిష్టపశువును నిలిపారన్నదీ తెలిసినవే. కోనసీమ అగ్రహారాల ఆహితాగ్నుల, అంటే ఇంట శ్రౌతాగ్నులను నిలుపుకున్నవారి, జీవితాలను డేవిడ్ నైప్ 2015లో వెలువడిన గ్రంథంలో వివరంగా నమోదు చేశాడు గనుక, ఆ చర్చ ఈ ప్రాంతానికి పరాయిది కాదు. గ్రామదేవతల జాతరల్లో బలి, దాన్ని అడ్డుకునే 1950 నాటి చట్టం వేరే వ్యాసానికి తగినంత విషయం. ఇక్కడ అవసరమైనది ఒక్కటే: బలిలో జంతువు అందరి కళ్ల ముందే చనిపోతుంది, చంపేవాడు తాను చంపుతున్నానని ఒప్పుకుంటాడు.

ఆ ఒప్పుకోలును తాత్త్విక స్థాయికి తీసుకువెళ్లినవాడు అరణ్యపర్వంలోని ధర్మవ్యాధుడు. మిథిలలో మాంసం అమ్ముకునే ఈ మనిషి దగ్గరికి తపోగర్వం గల కౌశికుడనే బ్రాహ్మణుడు ధర్మం తెలుసుకోవడానికి వస్తాడు. తాను చంపనని, ఇతరులు చంపిన పంది, దున్నల మాంసం అమ్ముతానని, తాను తిననని వ్యాధుడు చెబుతాడు. అంతటితో ఆగితే అది కేవలం ఆత్మరక్షణ అయ్యేది. కానీ అతడు తన వృత్తి ఘోరమైనదేనని ఒప్పుకుని, నాగలి దున్నేవాడు నేలలోని ఎన్ని ప్రాణులను చంపుతున్నాడో, ధాన్యపు గింజలోనూ నీటిలోనూ ఎన్ని జీవులున్నాయో వివరించి, అహింసను పూర్తిగా పాటించగలవాడు లోకంలో లేడని, ఆ హింసను తగ్గించే యత్నమే మిగిలిందని తేలుస్తాడు. ఈ వాదాన్ని మాంసాహారానికి అనుమతిపత్రంగా చదివేవారున్నారు, అది తొందరపాటు. అందరూ హింసిస్తున్నారు కాబట్టి అన్ని హింసలూ ఒకటేనని అతడు అనలేదు. తన చేతిమీదుగా పోయే మాంసానికి తానే జవాబుదారీ అని చెప్పుకున్నాడు. సుస్థిర పెంపకం వెతికే గృహస్థుకు ఇంతకన్నా సరైన గురువు దొరకడు.

మాంసం తిననివారు ఈ చర్చ తమది కాదని భావించడం సహజం. ప్రభుత్వం ఆహార ప్యాకెట్ల మీద వేయించే గుర్తులు ఆ భావనకు ముద్ర వేస్తాయి: గుడ్డుకు గోధుమ రంగు, పాలకు ఆకుపచ్చ. ఆ రంగులు పెంపకం గురించి ఏమీ చెప్పవు. గాంధీ 1942లో రాసిన ఆరోగ్య గ్రంథంలో, పిల్ల కానేరని గుడ్డుకూ పాలకూ మధ్య ఉన్నదనుకునే గోడను కూల్చేశాడు. పాలు తాగగలవాడికి అటువంటి గుడ్డు మీద అభ్యంతరం ఉండనక్కరలేదన్నాడు. కలకత్తాలో ఆవుల మీద చివరి చుక్క కోసం ప్రయోగించే ఫూకా అనే క్రూర పద్ధతి గురించి చదివి ఆయన 1912లో టాల్‌స్టాయ్ ఫారంలో పాలు మానేశాడు. 1918-19లో జబ్బుపడినప్పుడు మేకపాలకు ఒప్పుకుని, వ్రతంలోని అక్షరాన్ని కాపాడుకుని ఆత్మను పోగొట్టుకున్నానన్న బాధను ఆత్మకథలో దాచుకోలేదు. ఫూకా నేడు చట్టరీత్యా నేరం. దాని వెనకనున్న ప్రశ్న మాత్రం ప్రతి పాకలోనూ ఉంది: దూడ కోసం వచ్చిన పాలలో మనిషి వాటా ఎంత?

పాలు పితికే చోట నిలబడి చూస్తే ఆ ప్రశ్న కళ్లకు కడుతుంది. గేదె చేపాలంటే ముందు దూడను వదలాలి. అది పొదుగును కుమ్ముతూ నాలుగు గుక్కలు తాగగానే పాలు దిగుతాయి, వెంటనే దాన్ని లాగి తల్లి ముందు కట్టేసి చెంబు పెడతారు. పూర్వపు మర్యాద ప్రకారం ఒక చన్ను దూడకు వదిలేవారు, లేదా చివరి పాలు తీయకుండా మిగిల్చేవారు. వెన్న శాతం చూసి కేంద్రంలో ధర కట్టడం మొదలయ్యాక ఆ చివరి పాలే విలువైనవయ్యాయి, ఎందుకంటే వెన్న అందులోనే చిక్కగా ఉంటుంది. ఈనిన తొలి రోజుల్లోని జున్నుపాల విషయం ఇంకా సున్నితమైనది. బెల్లం, మిరియాలు, యాలకులు వేసి ఉడికించిన జున్ను గోదావరి ఇళ్లలో పంచుకునే తీపి. ఈనిన ఇంటి నుంచి ఇరుగుపొరుగుకు గిన్నె రాకపోతే అది నిష్ఠూరానికి కారణమవుతుంది. కానీ పశువుల్లో రోగనిరోధక శక్తి గర్భంలో ఉండగా దూడకు చేరదు, అది పుట్టిన తొలి గంటల్లో తాగే జున్నుపాల ద్వారానే అందాలి. కాబట్టి దూడ తాగగా మిగిలిన జున్ను ఒకటి, దూడకు దక్కనివ్వని జున్ను మరొకటి. గిన్నెలోకి వచ్చాక రెండింటి రుచీ ఒకటే. తేడా తెలిసేది ఆ పాకకు వెళ్లివచ్చేవాడికే. పశువుకు సూది వేయించిన తరువాత ఎన్నాళ్లు పాలు అమ్మకూడదో ఆ ఇల్లాలు పాటిస్తుందా లేదా అన్నది తెలిసేదీ అతనికే.

వీటన్నిటికీ సమాధానం దొరికినా మిగిలిపోయేది దున్నదూడ. పుట్టే దూడల్లో ఇంచుమించు సగం మగవి. ఎద్దుతో పొలం దున్నిన కాలంలో కోడెదూడకు విలువ ఉండేది, ట్రాక్టరు ఆ విలువను తీసేసింది. దున్నకు బురదమడిలోని దమ్ము పని కూడా పోయింది. 1977 నాటి రాష్ట్ర చట్టం ఆవుకూ ఆవుదూడకూ వధ నుంచి రక్షణ ఇచ్చింది గానీ వాటి మేతకు డబ్బివ్వలేదు. ఇక గేదె పాలు ఎక్కువగా వాడే ఈ ప్రాంతంలో దున్నదూడ చాలాచోట్ల ఆకలితోనే మెల్లగా పోతుంది, చంపారని ఎవరూ అనలేని విధంగా. తత్త్వార్థ సూత్రం హింసకు ఇచ్చిన నిర్వచనంలో ప్రాణం తీయడంతో పాటు ప్రమత్తత, అంటే పట్టించుకోకపోవడం, కీలకాంశం. ఆ నిర్వచనానికి ఈ దూడకన్నా కచ్చితమైన ఉదాహరణ దొరకదు. పాలు తాగుతూ మాంసాన్ని నిందించే ఇల్లు, మాంసం తింటూ ఏమీ అడగని ఇల్లు, ఈ దూడ దగ్గర ఒకే వరుసలో నిలబడతాయి. పాడి ఇల్లాలిని దోషిగా నిలబెట్టడం అన్యాయం. వెన్న శాతానికి కట్టే ధరలో ఆమె గడ్డి, తెలగపిండి ఖర్చులే కష్టంగా వెళ్తాయి, పని చేయని నోటిని ఏడాదిపాటు మేపడానికి అందులో ఏమీ మిగలదు. వాడిక పాలు పోయించుకునే నాలుగు ఇళ్లు ఆ దూడ మేతను కూడా లీటరు ధరలో కలిపి లెక్కగట్టడానికి ఒప్పుకుంటే ఆ దూడ బతుకుతుంది, పెరిగాక అది ఎటు పోవాలన్న ప్రశ్న అప్పుడు ఆ నాలుగు ఇళ్లదీ అవుతుంది. శాకాహారులవి అందులో రెండున్నా సరే.